ఏడీహెచ్‌డీ టాబ్లెట్ వల్ల మధ్యాహ్నం ఆకలి ఉండట్లేదు, బాక్సులో ఏం పెట్టాలి?

మా బాబుకి ఎనిమిదేళ్లు, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) ఉంది. జూన్ నుంచి పొద్దున 7:30కి మిథైల్‌ఫెనిడేట్ 18 ఎంజీ, రోజంతా పనిచేసే రకం, వేస్తున్నాం. క్లాసులో కుదురుగా కూర్చుంటున్నాడు, రాస్తున్నాడు, అందుకే మందు ఆపాలని లేదు. కానీ మూడు నెలల్లో 24 కిలోల నుంచి 22.3కి వచ్చాడు, నాకు అదే టెన్షన్.

లంచ్ 12:40కి, ఇరవై నిమిషాలే టైమ్. నిన్న బాక్సు తెరిస్తే పెరుగన్నంలో ఒక మూల రెండు ముద్దలు తీసిన గుర్తు, మిగతాదంతా గట్టిపడి అలాగే ఉంది, పైన చల్లిన దానిమ్మ గింజలు మాత్రం ఏరుకుని తిన్నాడు. రాత్రి 7 దాటాక మాత్రం ఆకలి ఆకలి అంటూ వంటింట్లోనే తిరుగుతాడు.

టాబ్లెట్‌కి ముందే 7 గంటలకి నెయ్యి దోసె, గుడ్డు పెడుతున్నాం, సగం తింటాడు. పడుకునే ముందు పాలు, అరటిపండు ఇస్తున్నాం. రాగి జావ ఫ్లాస్కులో పంపితే వాసన నచ్చలేదని ముట్టుకోలేదు. పంచదార మానేస్తే అల్లరి తగ్గుతుందని చుట్టాలు అంటే నెల రోజులు మానిపించాం, ఏ తేడా లేకపోగా తినే ఆ కాస్తా తగ్గింది. డాక్టర్‌గారు రక్త పరీక్షలు చేయించారు, ఐరన్ బాగానే ఉంది, వచ్చే నెల బరువు చూసి డోసు సంగతి చెప్తామన్నారు.

ఇదే మందు వాడుతున్న మీ పిల్లలు, ఆకలి లేకపోయినా స్కూల్లో నాలుగైదు ముద్దల్లో తినేసేలా, చల్లారినా బాగుండేలా, బలమైనది ఏం పెడితే నిజంగా తిన్నారు?