అప్‌డేట్: అల్హంబ్రా పేరు రాజుది కాదు, కోటదే

స్పెయిన్‌లోని గ్రెనడా నగరంలో ఉన్న అల్హంబ్రా కోటకు ఆ పేరు దాన్ని కట్టించిన రాజు నుంచి వచ్చిందా అని ఇంతకుముందు అడిగాను. గ్రెనడాను పాలించిన నస్రీ వంశ స్థాపకుడు మొదటి మహమ్మద్‌ను ఇబ్న్ అల్ అహ్మర్ అంటారు. అరబ్బీలో అహ్మర్ అంటే ఎరుపు, అల్హంబ్రా అన్నా ఎర్రదనే అర్థం. అందుకే నాకు ఆ అనుమానం.

సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. నా ఊహ తప్పని ఇప్పుడు తేలింది. ఆయన అక్కడ నిర్మాణం మొదలుపెట్టింది 1238లో. అల్హంబ్రా ఉన్న సబీకా కొండ మీది కోటను 'ఎర్రది' అనడం 9వ శతాబ్దపు సంఘటనల ప్రస్తావనల్లోనే ఉంది. అంటే రాజు కంటే పేరే మూడు శతాబ్దాలకు పైగా పెద్దది!

నన్ను పూర్తిగా ఒప్పించింది మాత్రం వ్యాకరణం. అరబ్బీలో కోటను 'ఖల్అ' అంటారు, అది స్త్రీలింగం. అందుకే పుంలింగమైన అహ్మర్ కాకుండా 'హమ్రా' వచ్చింది: అల్ ఖల్అ అల్ హమ్రా, ఎర్రకోట. ఇనుము కలిసిన అక్కడి ఎర్రమట్టితో కట్టిన గోడల రంగే ఆ పేరుకు మూలమని ఎక్కువమంది చెప్పే వివరణ. స్పానిష్ నోట 'అల్' విడిపోకుండా పేరుకే అతుక్కుపోయింది, మధ్యలో 'బ' చేరింది.

ఇంకో సంతోషం: మనం గోల్కొండ ఖిల్లా అన్నప్పుడు పలికే ఖిల్లా కూడా పారశీకం మీదుగా వచ్చిన ఆ 'ఖల్అ'యే.