ఇంటికెళ్లి మసాజ్ చేస్తే ఎంత తీసుకోవాలి? గంట లెక్కా, విజిట్ లెక్కా?

కొత్తటేబుల్
క్లినిక్‌లో పనిచేస్తూనే పక్కన ఇంటి విజిట్లు మొదలుపెడుతున్నానండి. మడతపెట్టే టేబుల్ కొనేశాను, దుప్పట్లు, టవళ్లు అన్నీ రెడీ, రేటు దగ్గరే ఆగిపోయాను. క్లినిక్ రేటే చెబితే రాకపోకలకే సరిపోయేలా ఉంది, ఎక్కువ చెబితే "అయితే క్లినిక్‌కే వెళ్తాంలే" అంటారని టెన్షన్. పైగా ఒకావిడ, "అక్కడైతే గది అద్దె, రిసెప్షన్ ఖర్చు ఉంటాయి, మా ఇంటికొస్తే అవేమీ ఉండవు కదా, తగ్గాలి గానీ పెరగడమేంటి" అన్నారు, నాకు వెంటనే జవాబు తోచలేదు. మీరంతా ఎలా కడుతున్నారు? 90 నిమిషాలకి ఒకటిన్నర రెట్లా? ఒకే ఇంట్లో ఇద్దరు చేయించుకుంటే?

లెక్కలపిచ్చి
మసాజ్ చేసే గంటకి కాదు, ఇంట్లోంచి బయల్దేరి మళ్లీ ఇంటికొచ్చేదాకా పట్టే టైముకి కట్టండి. క్లినిక్‌లో 60 నిమిషాల సెషన్‌కి 100 అనుకుందాం (ఏ కరెన్సీ అయినా సరే, లెక్క కోసం). దుప్పటి మార్చి తర్వాతి వాళ్లని పిలవడానికి ఇంకో 15 నిమిషాలు, అంటే 75 నిమిషాలకి 100. ఇంటి విజిట్‌లో మసాజ్ అదే 60, రానూపోనూ 40, టేబుల్ వేయడం, ఆరోగ్యం గురించి నాలుగు ప్రశ్నలు అడగడం, చివర్లో సర్దుకోవడం కలిపి 20. మొత్తం 120 నిమిషాలు. అదే లెక్కన 160 వస్తేనే క్లినిక్‌తో సమానం, సమానం అంటున్నాను, లాభం అనట్లేదు, పెట్రోలు కూడా ఇందులో వేయలేదు. ఆవిడకి జవాబు కూడా ఇదే: గది అద్దె పోయింది, దాని బదులు రోడ్డు మీద 40 నిమిషాలు వచ్చాయి.

90 నిమిషాలకి ఒకటిన్నర రెట్లు అక్కర్లేదు. ప్రయాణం, సర్దుడు మారవు కాబట్టి మొత్తం 150 నిమిషాలు, 200. 160కి ఒకటిన్నర రెట్లంటే 240 అయ్యేది. క్లయింటుకి కలిసొస్తుంది, మీకు పోయేదేం లేదు, అందుకే ఫోన్లో నేను ముందు 90 రేటే చెబుతాను. ఇంట్లో రెండో మనిషికైతే దుప్పటి మార్చే 10 కలిపి 70 నిమిషాలు, 93 వస్తుంది. క్లినిక్ రేటు తీసుకుంటే సరిపోయింది.

బొటనవేలు
లెక్క బాగానే ఉంది అన్నా, అందులో చేతులేవి? స్టీరింగ్ పట్టుకున్న 40 నిమిషాలూ, ఒకరి నడుం మీద బరువేసి నొక్కిన 40 నిమిషాలూ ఒకటి కాదు కదా. బొటనవేలి మొదట్లో ఉన్న కీలు అరిగిందంటే ఈ పనికి దణ్ణం పెట్టేయాల్సిందే, మోచేతితో, ముంజేతితో ఎంత చేసినా వేళ్ల మీద కొంత పడుతూనే ఉంటుంది. నేను 90కి మీ 200 కంటే కొంచెం పైనే పెడతాను, గట్టిగా నొక్కి చేయమనేవాళ్లయితే ఇంకా. ఇద్దరికీ వరసగా 90 చేయమంటే ఆ రోజు ఇంకో బుకింగ్ తీసుకోను, కాబట్టి రెండో మనిషికి తగ్గింపు 60 నిమిషాలదాకానే.

లెక్కలపిచ్చి
ఒప్పుకున్నాను. 200ని అడుగు రేటనుకోండి, దాని కిందకి దిగకూడదంతే.

మూడోఅంతస్తు
టేబుల్ బరువు ఎవరూ చెప్పలేదేంటి? మడిచే టేబుల్ ఒక్కటే 12 నుంచి 16 కిలోలు, పైన దుప్పట్ల సంచి, మోకాళ్ల కింద పెట్టే దిండు, నూనె సీసాలు. కింద పార్కింగ్ దొరక్క వీధి చివర బండి పెట్టి, లిఫ్ట్ లేని మూడో అంతస్తుకి భుజాన వేసుకుని ఎక్కి, ఊపిరి అందకుండా తలుపు కొట్టి, లోపలికెళ్లి "రిలాక్స్ అవ్వండి" అని చెప్పాలి. బుకింగ్ అప్పుడే మూడు అడగండి: ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా, బండి ఎక్కడ పెట్టాలి. నేను మెట్లకి విడిగా చార్జీ వేయను, చిల్లర బేరంలా ఉంటుంది, కానీ అలాంటి ఇంటికి టైమే 15 నిమిషాలు ఎక్కువ రాసుకుంటాను, రేటు దాని ప్రకారం అదే పెరుగుతుంది.

ఇంకోటి, "టేబుల్ ఎందుకండీ, మంచం మీదే చేసేయండి, కాస్త తగ్గించండి" అంటారు. ఆ బేరానికి దిగొద్దు. టేబుల్ పక్కన నిలబడి చెయ్యి కిందకి వేలాడేస్తే వేలి కణుపులు టేబుల్‌కి తగిలేంత ఎత్తుంటే మన శరీరం బరువు పనిచేస్తుంది. మంచం మోకాలి ఎత్తులో ఉంటుంది, నొక్కిన ప్రతి నొక్కూ పరుపు మింగేస్తుంది, వాళ్ల నడుం నొప్పి మన నడుముకొస్తుంది. మంచం మీద చేయడం కష్టం కాబట్టి రేటు పెంచాలి తప్ప తగ్గించడమేంటి నా మొహం.

అమ్మకోసం
నేను థెరపిస్టుని కాదు, చేయించుకునే వైపు నుంచి చెప్తున్నా. మా అమ్మ మంచం దిగలేదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి కాళ్లకి, వీపుకి చేస్తారు, అరగంటకి మించి ఆమె ఓర్చుకోలేదు. మంచం మీద పని కష్టమని తెలుసు, కానీ కొందరు గంట రేటే మినిమమ్ అంటే మాలాంటివాళ్లకి వారానికోసారి పిలవడం కూడా బరువైపోతుంది. ఇప్పుడొచ్చే ఆవిడ బాగా ఆలోచించారు: వారంలో ఫలానా రోజు, ఫలానా టైము, మా ఏరియాలో ఇంకో ఇల్లు ఉన్న రోజే. ఆమెకి ప్రయాణం రెండిళ్లకి పంచుకుంటుంది, మాకు రేటు తగ్గింది. ఇంకో మాట, చాలామంది ఇల్లు చూసి రేటు చెప్తారు. మొదటిసారి ఫోన్లో ఒకటి చెప్పి, వచ్చి హాలు చూశాక ఇంకోటి చెప్పినవాళ్లున్నారు. అలాంటివాళ్లని రెండోసారి పిలవలేదు.

రోడ్డుమీదే
అమ్మకోసం గారు చెప్పిన పద్ధతే నాదీ, ఏరియా రోజులు. సోమవారం ఒక వైపు, మంగళవారం ఇంకో వైపు. ఆ రోజు కాకుండా వేరే రోజు కావాలంటే పూర్తి ప్రయాణ చార్జీ. దూరం కిలోమీటర్లలో కాదు, నిమిషాల్లో చూడండి, ట్రాఫిక్‌లో నాలుగు కిలోమీటర్లకి అరగంట పట్టే చోట్లున్నాయి. నాకు మూడు వలయాలు: 20 నిమిషాల్లోపు, 20 నుంచి 35, ఆపైన. ఆపైన అంటే 90 నిమిషాల సెషన్ అయితేనే వస్తాను.

ప్రయాణ చార్జీ విడిగా చూపించొద్దు, అన్నీ కలిపి ఒక్క అంకె చెప్పండి. విడిగా రాస్తే దాని మీదే బేరం మొదలవుతుంది.

లెక్కలపిచ్చి
ఇక్కడ నాది వేరే మాట. విడిగా చూపించకపోతే దగ్గరున్నవాళ్లు దూరపువాళ్ల పెట్రోలు కడుతున్నట్టే. పైగా వెళ్లాక మసాజ్ చేయకూడని పరిస్థితి ఉంటే ఏం తీసుకుంటారు?

బొటనవేలు
ఆ ప్రశ్న బాగా అడిగారు, ఎవరూ ముందే ఆలోచించరు. ఇంటికెళ్లాక జ్వరం ఉందని తెలుస్తుంది, లేదా ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, ఎర్రగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటుంది. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, నొక్కితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకి చేరే ప్రమాదం ఉంది, చేయి వేయకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పంపించాల్సిందే. అలాంటప్పుడు నేను ప్రయాణ చార్జీ మాత్రం తీసుకుంటాను, ఆ సంగతి బుకింగ్ మెసేజ్‌లోనే రాసి ఉంటుంది. రాయకపోతే గుమ్మంలో నిలబడి డబ్బు గురించి మాట్లాడాలి, అదీ భయపడుతున్న మనిషితో. ఇంకా దారుణం ఏంటంటే, ఇంతదూరం వచ్చాం కదా, ఊరికే పోవడమెందుకని చేసేయాలనిపిస్తుంది. రేటు పద్ధతి అలాంటి ఆశ పుట్టించకుండా ఉండాలి.

కొత్తటేబుల్
ఇది నిజంగా తట్టలేదు. చివరి నిమిషంలో క్యాన్సిల్ చేస్తే?

మూడోఅంతస్తు
24 గంటల ముందు చెబితే ఏమీ లేదు, తర్వాతైతే సగం, తలుపు దగ్గరికెళ్లాక అయితే మొత్తం. కొత్తవాళ్ల దగ్గర అడ్వాన్స్ తీసుకోకుండా బయల్దేరొద్దు. జ్వరమని పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేవాళ్లకి మాత్రం ఏమీ వేయకండి, లేకపోతే డబ్బు పోతుందని దాచిపెట్టి పడుకుంటారు. పాతవాళ్ల దగ్గర మొహమాటానికి పోతే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు, కాబట్టి రూలు అందరికీ ఒకటే, మాఫీ చేయాలనుకుంటే మీరే "ఈసారికి వదిలేస్తున్నా" అని చెప్పి వదలండి.

రోడ్డుమీదే
క్యాన్సిల్ మాట వచ్చింది కాబట్టి, రేటు మరీ తక్కువ పెడితే వచ్చే ఫోన్లు కూడా వేరేగా ఉంటాయి. రాత్రి పదకొండింటికి "ఇప్పుడు రాగలరా, ఇంకేమేం చేస్తారు" అనే రకం. రేటు, టైమింగులు, అడ్వాన్స్ మూడూ స్పష్టంగా రాసి పెట్టాక ఆ గోల చాలా తగ్గింది. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు, ఎక్కడికెళ్తున్నారో ఇంట్లో ఎవరికైనా చెప్పి బయల్దేరండి. అక్కడ ఏదైనా తేడాగా అనిపిస్తే టేబుల్ వేయకుండానే వెనక్కి రండి, ఆ అడ్వాన్స్ తిరిగి ఇచ్చేయాల్సి వచ్చినా సరే.

లెక్కలపిచ్చి
ఏడాది లెక్క కూడా వేసుకోండి. 52 వారాల్లో సెలవులు, జబ్బులు 6 తీస్తే 46. వారానికి నాలుగు రోజులు, రోజుకి మూడు ఇళ్లు అనుకుంటే 552. అన్నీ నిండవు, నాలుగింట మూడొంతులు నిండితే 414. ఏడాది ఖర్చులకి (బండి రిపేర్లు, ఇన్సూరెన్స్, పన్ను, నూనె, దుప్పట్లు, ఫోను) మీకు కావాల్సిన ఆదాయం కలిపి 414తో భాగించండి. 552తో భాగిస్తే చేతి చమురు వదులుతుంది. దుప్పట్ల ఖర్చు తక్కువనుకోవద్దు, నూనె పట్టినవి ఎంత ఉతికినా కొన్నాళ్లకి ముక్క వాసన వస్తాయి, పారేయాల్సిందే. నూనె పూర్తిగా వదలని టవళ్లని డ్రయ్యర్‌లో ఎండబెట్టి వేడివేడిగా కుప్ప పోస్తే వాటంతటవే అంటుకునే ప్రమాదం కూడా ఉంది, చల్లారాకే మడవండి.

కొత్తటేబుల్
లెక్కేశాను, క్లినిక్ రేటుకి 1.7 రెట్లు వచ్చింది. చెప్పడానికే నోరు రావట్లేదు. మొదట తక్కువ పెట్టి తర్వాత పెంచితే?

బొటనవేలు
తక్కువ రేటుకి అలవాటైనవాళ్లు పెంచగానే "మొన్నటిదాకా అంతకే చేశారుగా" అంటారు. అసలు రేటే రాయండి, పరిచయానికి మొదటి విజిట్ మాత్రం ఇంత తగ్గింపు అని పక్కన రాయండి, అసలు రేటు వాళ్ల కళ్ల ముందే ఉంటుంది. ఒకే ఒక్క అంకె చెప్పి ఆగిపోండి. చెప్పగానే అవతల ఓ రెండు క్షణాలు నిశ్శబ్దంగా ఉంటుంది, ఆ ఖాళీలో మనమే కంగారుపడి "కావాలంటే తగ్గిస్తాను" అనేస్తాం. అనకండి, చాలాసార్లు వాళ్లు చూస్తున్నది క్యాలెండరే.

అమ్మకోసం
నిజమే, మొన్న నేను ఆలోచిస్తున్నది గురువారమా శుక్రవారమా అని, ఆవిడ ఈలోపే తగ్గించేశారు. వద్దని చెప్పి మొదటి రేటే ఇచ్చాను.