టెనార్ డ్రమ్స్ మోసి అబ్బాయికి నడుము నొప్పి – క్యారియర్ సర్దితే చాలా, డాక్టర్‌కి చూపించాలా?

డాలస్_నాన్న:
అందరికీ నమస్కారం. మావాడికి పదిహేనేళ్లు. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 54 కిలోలు. హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో పోయినేడు స్నేర్ (ఒక్కటే డ్రమ్ము), ఈ సీజన్‌లో టెనార్స్‌కి, అంటే ఒకే సెట్‌గా ముందు వేలాడే డ్రమ్ములకి మార్చారు. 10, 12, 13, 14 అంగుళాలవి నాలుగు, మధ్యలో 6 అంగుళాల బుల్లివి రెండు. డ్రమ్ములు తగిలించుకోవడానికి కోటులా భుజాల మీద తొడుక్కునే వెస్ట్ క్యారియర్‌తో కలిపి కాటా మీద 16 కిలోలు తూగింది.

బెల్టు పెట్టుకునే చోట నడుము పట్టేస్తోంది, కుడివైపు ఎక్కువ. నడుస్తున్నప్పటి కన్నా ఒకేచోట నిలబడి వాయించేటప్పుడే బాధ అంటున్నాడు. ప్రాక్టీస్ అయ్యేసరికి కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. బ్యాండ్ వాళ్లేమో 'అలవాటవుతుంది' అంటున్నారు. క్యారియర్ ఒంటికి ఎలా కూర్చోవాలి? ప్రాక్టీస్‌కి ముందు ఐబూప్రోఫెన్ ఇవ్వొచ్చా? డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

డ్రమ్‌లైన్_టెక్:
54 కిలోల పిల్లాడి మీద 16 కిలోలంటే ఒంటి బరువులో దాదాపు 30 శాతం. మన దేశంలో 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ పుస్తకాల సంచికే 10 శాతం దాటొద్దంది. పైగా సంచి వీపున ఉంటుంది, ఇది ముందు వేలాడుతుంది. అసలు చిక్కంతా అక్కడే. వెన్ను వెనక కండరాలు వెన్నెముకకి సుమారు 5 సెంటీమీటర్ల దూరం నుంచి లాగుతాయి. 16 కిలోల డ్రమ్ము ఒక్క సెంటీమీటరు ముందుకి జరిగితే ఆ కండరాల మీద ఇంకో మూడు కిలోల పైచిలుకు లాగుడు పడుతుంది. అందుకే బరువు తగ్గించడం కన్నా ముందు డ్రమ్ముల్ని ఒంటికి దగ్గరగా జరపండి.

మొదట డ్రమ్ములు తీసేసి ఖాళీ క్యారియర్ తొడగండి. భుజానికీ వెస్ట్‌కీ మధ్య సందు ఉండకూడదు. రెండు వేళ్లు దూరేంత సందుంటే బరువంతా ఏదో ఒక అంచు మీద పడుతోందన్నమాట. మీవాడి తిమ్మిరికి అదే కారణం కావచ్చు. అంచు మెడ వైపు నొక్కుతోందా, భుజం చివర నొక్కుతోందా చూడండి. చొక్కా విప్పితే ఎర్రటి గీత కనిపిస్తుంది. భుజం పట్టీల వెడల్పు, వెస్ట్ పొడవు మార్చుకునే బోల్టులు చాలా మోడళ్లకి ఉంటాయి. కొన్నిటికి డ్రమ్ కీ (డ్రమ్ము చర్మం బిగించే చిన్న తాళం) చాలు, కొన్నిటికి అలెన్ కీ కావాలి.

తర్వాత పొట్ట మీద ఆనే ప్లేటు. అది పక్కటెముకల కిందికీ తుంటి ఎముకల పైకీ మధ్య, పొట్టకి బల్లపరుపుగా ఆనాలి. మోకాలు ఎత్తితే తొడకి తగలకూడదు. మరీ పైకి ఉంటే పక్కటెముకల్లో గుచ్చుకుని ఊపిరి ఆడదు. మరీ కిందికి ఉంటే డ్రమ్ములు ముందుకి వాలతాయి, పిల్లాడు పొట్ట ముందుకి తోసి వెనక్కి వంగుతాడు. నడుము పోయేది అలాగే.

చివర్లో డ్రమ్ములు తగిలించండి. మోచేతులు వదులుగా వేలాడాలి, ముంజేతులు కొద్దిగా కిందికి వాలాలి. డ్రమ్ముల పై అంచు నేలకి సమాంతరంగా ఉండాలి. ప్రాక్టీస్ మొదట్లో సమంగా ఉండి గంటయ్యాక ముందుకి జారుతోందంటే, హుక్కుల బోల్టులు పట్టు వదులుతున్నాయని అర్థం. పొట్టకీ లోపలి అంచుకీ మధ్య పిడికిలి పట్టేంత సందు ఉంటే చాలు. పక్క నుంచి ఫోటో తీసి చూడండి: చెవి, భుజం, తుంటి, చీలమండ ఒకే గీత మీద ఉండాలి. అన్నీ కుదిరాక బోల్టులు ఎక్కడున్నాయో పర్మనెంట్ మార్కర్‌తో గీతలు పెట్టండి. ఒకే క్యారియర్‌ని ఇద్దరు పిల్లలు వాడే స్కూళ్లలో ఆ గీత లేకపోతే సర్దిందంతా మరుసటి రోజుకే గోవిందా.

ఆ 6 అంగుళాల బుల్లి డ్రమ్ములు తీసేస్తే సగం బాధ తీరుతుందని కొందరంటారు. అవి ఒంటికి దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి అనుకున్నంత లాభం ఉండదు. కొత్త పాట నేర్చుకునేటప్పుడు సెట్‌ని స్టాండ్ మీద పెట్టనివ్వమని అడగండి, దాని లాభం ఎక్కువ. డ్రిల్ (మైదానంలో ఎవరు ఎటు నడవాలనే కవాతు) మొదటిసారి నడిచి చూసుకునేటప్పుడూ డ్రమ్ము అక్కర్లేదు.

ఫిజియో_కరీంనగర్:
పై సర్దుబాట్లతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. డాక్టర్ సంగతి నేను చెబుతాను.

నిలబడితేనే నొప్పి ఎక్కువ అనడం, అదీ ఒకవైపే ఎక్కువ అనడం తేలిగ్గా తీసుకోవద్దు. ఎదిగే వయసులో మాటిమాటికీ వెనక్కి వంగే పిల్లలకి నడుము కింది పూసలో సన్నటి చీలిక రావచ్చు. దాన్ని స్పాండిలోలిసిస్ అంటారు. ఎక్కువగా ఐదో నడుము పూసలో వస్తుంది. క్రికెట్ ఫాస్ట్ బౌలర్లకి, జిమ్నాస్టులకి వచ్చేది ఇదే. ముందుకి వంగితే హాయిగా ఉండి, వెనక్కి వంగితే, ముఖ్యంగా ఒంటికాలి మీద నిలబడి వంగితే, చురుక్కుమంటే అనుమానించాలి. ఈ పరీక్ష ఒక్కదానితో జబ్బు తేలదు, డాక్టర్‌కి చూపించాలని మాత్రం తెలుస్తుంది. మామూలు ఎక్స్‌రేలో మొదట్లో కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐ అవసరం పడొచ్చు. తొందరగా పట్టుకుంటే చాలామందికి కొన్ని నెలల విశ్రాంతి, వ్యాయామాలతో సర్దుకుంటుంది. ఓర్చుకుని మోస్తూ పోతే ఆ చీలిక అతుక్కోకుండా మిగిలిపోవచ్చు.

రెండు వారాలు డ్రమ్ము మోయడం ఆపినా నొప్పి తగ్గకపోతే, రాత్రి నిద్రలోంచి లేపితే, జ్వరం ఉంటే, నొప్పి కాలిలోకి దిగితే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మూత్రం, మలం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

వేళ్ల తిమ్మిరి విషయం: భుజం పట్టీ కాలర్ ఎముక దగ్గర నరాల్ని నొక్కితే ఇలా అవుతుంది. డ్రమ్ము దించిన కాసేపటికి పోతే పట్టీ సర్ది, మెత్తటి ఫోమ్ వేసి చూడండి. మరుసటి ఉదయానికీ ఉన్నా, చెయ్యి పక్కకి ఎత్తడానికి బలం చాలకపోయినా డ్రమ్ము పూర్తిగా ఆపేసి చూపించండి.

ఐబూప్రోఫెన్ ముందుగా వేసి పంపొద్దు. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆపాలో తెలియదు. పైగా టెక్సస్ ఆగస్టు ఎండలో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మందు మూత్రపిండాలకి ప్రమాదం.

వ్యాయామాల్లో నడుము వెనక్కి వంచేవి ఇప్పుడు వద్దు. వెల్లకిలా పడుకుని నడుము నేలకి ఆనించి, ఎదురెదురు చెయ్యీ కాలూ చాచే డెడ్ బగ్, పక్కకి తిరిగి మోచేతి మీద ఒంటిని నేల నుంచి లేపి ఉంచే సైడ్ ప్లాంక్, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చెయ్యీ కాలూ చాచే బర్డ్ డాగ్ చాలు. ఒక్కోటి 10 సెకన్లు పట్టి ఉంచి, రెండు వైపులా ఆరేసి సార్లు, రోజు విడిచి రోజు. ఏది చేసినా నొప్పి పెరిగితే మానేయాలి.

డాలస్_నాన్న:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. ప్లేటు రెండంగుళాలు కిందికి ఉంది, సర్దుతున్నాం. వెనక్కి వంగితే చురుక్కుమంటోంది కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. అప్పటిదాకా అసలు మోయకూడదా?

ఫిజియో_కరీంనగర్:
మోయకూడదు. స్టాండ్ మీద వాయించుకోనివ్వండి, కానీ స్టాండ్ ఎత్తు సరిచూడండి. కిందికి ఉంటే మళ్లీ వంగాల్సి వస్తుంది. డాక్టర్ సరే అన్నాక కూడా మొదటిరోజు 10–15 నిమిషాలే.

డ్రమ్‌లైన్_టెక్:
మళ్లీ మొదలుపెట్టాక డ్రమ్ముని నేల మీంచి తొడుక్కోవద్దు. స్టాండ్ మీద ఉంచి, తనే లోపలికి నడిచి, మోకాళ్లు వంచి భుజాలకి ఎత్తుకోవాలి. స్టాండ్ లేకపోతే ఇంకొకరు పట్టుకోవాలి. చాలామందికి నడుము పట్టేసేది మైదానంలో కాదు, ట్రక్కులోకి ఎక్కించేటప్పుడు, ఒంటిని మెలితిప్పి సెట్ అందించేటప్పుడు. ఇంకో మాట, పక్కకి నడిచే క్రాబ్ వాక్‌లో పాదాలతో పాటు తుంటి కూడా తిరిగితే డ్రమ్ము బరువు నడుముని మెలిపెడుతుంది. తుంటి, భుజాలు ప్రేక్షకుల వైపే ఉండాలి, అడుగులు చిన్నవిగా పడాలి.

నల్గొండ_పీఈటీ:
సర్, మా స్కూల్ బ్యాండ్‌లో ఈ క్యారియర్లు లేవు. సైడ్ డ్రమ్ముకి ఒక భుజం మీంచి వేసే బెల్టు, పెద్ద డ్రమ్ముకి మెడ చుట్టూ పట్టీ. పెరేడ్ ప్రాక్టీస్‌లో పిల్లలకి మెడ నొప్పి. ఏం చేయొచ్చు?

డ్రమ్‌లైన్_టెక్:
పీఈటీ గారూ, మెడ పట్టీ ముందు తీసేయండి. పెద్ద డ్రమ్ముకి రెండు భుజాల మీంచి వెళ్లి వీపు మీద ఇంటూ గుర్తులా దాటే పట్టీ కావాలి. 5 సెంటీమీటర్ల వెడల్పున్న నైలాన్ పట్టీ కొని, భుజాల దగ్గర దళసరి ఫోమ్ పెట్టి, స్కూల్ బ్యాగులు కుట్టేవాళ్ల చేత కుట్టించండి. కొక్కేలు పడే చోట రెండు మూడు వరసల కుట్టు వేయమనండి, తెగేది అక్కడే. సైడ్ డ్రమ్ము బెల్టు ఒక భుజం మీదే పడుతుంది కాబట్టి పిల్లలు ఆ భుజాన్ని ఎగదోసి నడుస్తారు. దానికీ రెండు భుజాల పట్టీ కుట్టిస్తే మంచిది. అప్పటిదాకా పది నిమిషాలకోసారి డ్రమ్ములు దించించండి. మార్చ్‌పాస్ట్‌లో అడుగులు నేర్పేటప్పుడు డ్రమ్ములు గదిలోనే ఉండనివ్వండి, తాళం చప్పట్లతో వేయించవచ్చు. పెద్ద డ్రమ్ము ఎప్పుడూ ఒక్కడికే అంటగట్టొద్దు. ఇద్దరికి నేర్పి, వంతులవారీగా మోయించండి.