‘అవెన్’ని తెలుగులో ఏమందాం?

కార్డిఫ్ నుంచి:
ఒక్క మాట దగ్గర నెలరోజులుగా ఆగిపోయాను. గుంపులో పెద్దలు సాయం చెయ్యాలి.

ఇక్కడ, వేల్స్ రాజధానిలో, రేవు పక్కన వేల్స్ మిలీనియం సెంటర్ అని పెద్ద నాటకశాల ఉంది. 2004లో తెరిచారు. దాని కంచురంగు నుదుటి మీద రెండు భాషల్లో రెండు వాక్యాలున్నాయి. అక్షరాలన్నీ కిటికీలే, ఒక్కోటి మనిషెత్తు ఉంటుంది. రాత్రి లోపల దీపాలు వేస్తే వాక్యమే వెలుగుతుంది. రాసినావిడ గ్వినెత్ లూయిస్, 1959లో ఈ ఊళ్ళోనే పుట్టారు. వెల్ష్ ఇంటిభాష. కవిత్వం వెల్ష్‌లోనూ రాస్తారు, ఇంగ్లీషులోనూ రాస్తారు. 2005లో వేల్స్ తొలి జాతీయకవి ఆవిడే.

ఇంగ్లీషు వాక్యం తేలిక: ‘ఈ రాళ్ళలో దిగంతాలు పాడతాయి.’ వెల్ష్ వాక్యం దానికి అనువాదం కాదు, అది వేరే మాట. పలుకుబడి దాదాపు ఇలా ఉంటుంది:

క్రెయ్ గ్వీర్ వెల్ గ్వీడర్ ఓ ఫుర్నైస్ అవెన్

క్రెయ్ అంటే సృష్టించడం, గ్వీర్ నిజం, వెల్ లాగా, గ్వీడర్ గాజు, ఓ అంటే నుంచి, ఫుర్నైస్ కొలిమి. అవెన్‌కి నిఘంటువులు కవితాస్ఫూర్తి అంటున్నాయి. నేను చేసింది: ‘స్ఫూర్తి కొలిమి నుంచి గాజులా నిజాన్ని సృష్టించడం.’ చదువుకుంటే ప్రభుత్వ పాఠశాల గోడ మీది సూక్తిలా ఉంది. ఎక్కడ చెడింది?

విశాఖ నుంచి:
కొలిమి దగ్గర చెడిందమ్మాయీ. ముప్ఫై ఏళ్ళు ఉక్కు పనిలో ఉన్నవాణ్ణి, చెప్తా విను. కొలిమి కమ్మరిది. అందులో ఇనుము ఎర్రగా కాలి మెత్తబడుతుంది, కరిగి పారదు. గాజు కరగాలి, దానికి బట్టీ ఉండాలి. అసలు ఫుర్నైస్ అంటే మన ఫర్నేసే కదా? ఆవిడ అరువుమాట వాడుకుంటే మనకెందుకు నామోషీ? మా షాపులో చదువుకున్నవాడూ చదువుకోనివాడూ ఫర్నేసే అనేవారు. పైగా దక్షిణ వేల్స్ అంటేనే బొగ్గు, ఇనుము. ఆ మాట వినగానే అక్కడివాళ్ళకి తాతల చెమట వాసన వస్తుంది.

తెనాలి నుంచి:
గాజు కూడా చిక్కే. ‘గాజులా’ అనగానే నాకు చేతి గాజులే కనబడ్డాయి. అద్దం అందామా అంటే మొహం చూసుకునేదైపోతుంది.
అయినా గాజే ఉంచండి. వెల్ష్‌లో గ్వీర్, గ్వీడర్ ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి. మనకి ‘నిజం’, ‘గాజు’ రెండిట్లోనూ రెండో అక్షరం జకారం, అయాచితంగా దొరికింది. ‘ని’ లఘువు, ‘గా’ గురువు గనక పద్యంలో ప్రాసగా ఒప్పుకోరు. గోడ మీది వాక్యానికి ఆ పట్టింపు లేదు.
అవెన్‌కి మాత్రం ‘ప్రతిభ’ అనండి. నవనవోన్మేషశాలిని, అంటే ఎప్పటికప్పుడు కొత్తగా విచ్చుకునే ప్రజ్ఞే ప్రతిభ అని పాత ఆలంకారికుడు భట్టతౌతుడు చెప్పాడు. అంతకంటే ఏం కావాలి?

కార్డిఫ్ నుంచి:
బాబాయిగారూ, బట్టీకి మారిపోయాను. కొలిమి పుస్తకాల్లో అందంగా కనిపించి మోసం చేసింది.

మేష్టారూ, ప్రతిభతో ఒక పేచీ ఉంది. ప్రతిభ కవి సొంతం, ‘ఆయన ప్రతిభ’ అంటాం. అవెన్ బయటినుంచి వచ్చేదిలా ఉంది. వెల్ష్‌లో గాలికి అవెల్ అంటారు, ఈ రెండు మాటలూ ఒక ఇంటివే. 12వ శతాబ్దం చివర గిరాల్డస్ అనే మతగురువు వేల్స్ గురించి రాస్తూ ‘అవెనద్యోన్’ అనే మనుషుల్ని వర్ణించాడు. ఏదైనా సందేహం అడిగితే వాళ్ళు గట్టిగా అరుస్తూ ఒళ్ళు మరిచిపోతారట. జవాబు సూటిగా రాదు, పొంతన లేని మాటల ప్రవాహంలోంచి వినేవాడే ఏరుకోవాలి. తర్వాత పట్టి కుదిపితే గానీ తెలివిలోకి రారు, అన్నదేదీ గుర్తుండదు. కలలో ఎవరో పెదాల మీద తేనో తియ్యటి పాలో పోస్తే ఈ శక్తి వచ్చిందని కొందరు చెప్పేవారట.

వరంగల్ నుంచి:
అక్కా, ఇంక నిఘంటువు ఎందుకు? అది సిగమే! మా దిక్కు సిగం ఊగుడు అంటరు, మీ దిక్కు పూనకం అంటరు. బోనాలప్పుడు సికింద్రాబాద్ మహంకాళి గుడిల పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే అమ్మను చూడు. అడిగేటోళ్ళు అడుగుతనే ఉంటరు, ఆమె చెప్పేది చెప్తది. అర్థం చేసుకునుడు మన పని.

తెనాలి నుంచి:
పెదాల మీద తేనె అంటే మనకి నాలుక మీద బీజాక్షరాలు. సరే, ఒప్పుకుంటున్నాను. పోతన కూడా తనని పలికించేవాడు రామభద్రుడన్నాడే గాని నా ప్రతిభ అనలేదు. కానీ పూనకంలో చెప్పినదాన్ని నిజమని రాతి మీద చెక్కుతారా? ఆ వాక్యంలో నన్ను గుచ్చుతున్నది అవెన్ కాదు, క్రెయ్. నిజాన్ని కనుక్కుంటారు, సృష్టించడమేమిటి? సృష్టించిన నిజాన్ని మా ఊళ్ళో అబద్ధమంటారు.

కార్డిఫ్ నుంచి:
మేష్టారూ, మీరు సరిగ్గా అక్కడికే వచ్చారు. ఈవిడ ఆక్స్‌ఫర్డులో పరిశోధన చేసింది 18వ శతాబ్దపు సాహిత్య దొంగరాతల మీద, అందులోనూ యోలో మోర్గనగ్ మీద. యోలో తాపీపనివాడు, మంచి కవి, అంతకంటే మంచి మోసగాడు. తను రాసిన పద్యాలు పాత కవులవని లోకాన్ని నమ్మించాడు. 1792లో లండన్‌లోని ఒక గుట్ట మీద కవుల సభ ఒకటి పెట్టి, అది అనాది ఆచారమన్నాడు. ఆ సభకి ఆయనిచ్చిన నినాదంలో మొదటి మాట ఏమిటనుకున్నారు? గ్వీర్! ‘లోకానికి ఎదురు నిలిచే నిజం’ అని. ఆ కల్పించిన ఆచారమే ఇవాళ వేల్స్ జాతీయ సాహిత్యోత్సవానికి గుండెకాయ. 2012లో గ్వినెత్‌కి కవిత్వానికిచ్చే కిరీటం పెట్టింది కూడా ఆ సభే.
కాబట్టి ఆవిడ ‘క్రెయ్ గ్వీర్’ అన్నప్పుడు యోలో ఓరగా నవ్వుతున్నాడని నా అనుమానం. ఇది నా ఊహ, ఆవిడ చెప్పింది కాదు.

1999లో ఆవిడ రాసిన వెల్ష్ కావ్యం పేరు ‘భాషాహంతకుడు’ అని చెప్పుకోవచ్చు. అపరాధ పరిశోధన కథే, చచ్చిపోయింది మాత్రం మాతృభాష. దాన్నే ఇంగ్లీషులో మళ్ళీ అల్లి 2003లో ‘కీపింగ్ మమ్’ అన్నారు. నోరు మూసుకోవడమనీ అర్థమే, అమ్మని దక్కించుకోవడమనీ అర్థమే. తెలుగులో ఆ రెండూ ఒక్క మాటలో పట్టేవారికి నా తరఫున పూతరేకులు. 2010లో రాసిన చిన్న నవల ‘ద మీట్ ట్రీ’లో మాబినోగి అనే పాత వెల్ష్ గాథల్లోని ఒక కథని అంతరిక్షంలోకి తీసుకెళ్ళారు, పూలతో ఆడమనిషిని తయారుచేసిన కథ. 2019లో కవి, ఒకప్పటి ఆర్చిబిషప్ రోవన్ విలియమ్స్‌తో కలిసి, తాలియెసిన్ అనే ప్రాచీన వెల్ష్ కవి పేర ఉన్న పాత పద్యాల్ని ఇంగ్లీషు చేశారు. వాటి నిండా అవెనే.

విశాఖ నుంచి:
మీ యోలో సంగతి నాకు తెలీదు గాని, గాజు గురించి మేష్టారు ఒకటి మరిచారు. గాజు తవ్వితే దొరకదు. ఇసుకలో ఉన్నదే, కాని ఇసుకలోంచి ఆవల కనబడదు. కాల్చాకే కనబడుతుంది. దాన్ని చెయ్యడం అనొచ్చు, అబద్ధమనలేం.
ఇంకోటి. పాతరోజుల్లో కిటికీ అద్దాన్ని గొట్టం పెట్టి ఊదేవారు. నువ్వు అవెన్ గాలికి చుట్టమన్నావు కదా, ‘సృష్టించడం’ తీసెయ్యి, ‘ఊదడం’ పెట్టు.

కార్డిఫ్ నుంచి:
బాబాయిగారూ! అయితే ఇలా:

పూనకపు బట్టీలోంచి
నిజాన్ని గాజులా ఊదడం

తెనాలి నుంచి:
క్రెయ్‌లో ఊదడం లేదు. అవెన్‌లో ఉన్న గాలిని తీసి క్రియలో పెట్టారు, అనువాదంగా చూస్తే దొంగతనమే. అయినా దీన్ని నేను కొట్టెయ్యను.

వరంగల్ నుంచి:
అంత బాగనే ఉంది గని, పూనకం తీసి సిగం పెట్టు అక్కా. ‘సిగపు బట్టీ’ అను, ఒకసారి గట్టిగ చదువు.

కార్డిఫ్ నుంచి:
చదివాను తమ్ముడూ. మా ఆయనకి జడ బట్టీలా వినపడిందట.