ఇంటి సర్వేలో ఆడవాళ్ల పనిని ఎలా రాయాలి?

దేవరకొండ దగ్గర మా ఊళ్లో మహిళా సంఘం తరఫున ఇంటింటి వివరాలు రాస్తున్నాం. చదువుకోని ఆడవాళ్లే ఇక్కడ ఎక్కువ పని చేస్తారు. పత్తి ఏరడానికి కూలికి పోతారు, మిగతా రోజులు సొంత చేలో కలుపు తీస్తారు, దానికి కూలి ఉండదు. అయినా ఇంటాయన ముందే "గృహిణి అని రాయండి" అంటాడు. నాకు చాలా బాధేస్తుంది.

ఎవరెవరు ఏం పని చేస్తున్నారో లెక్కగట్టడానికి కేంద్రం చేసే పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వేలో సొంత పొలంలో జీతం లేకుండా చేసినా పనివాళ్లుగానే లెక్కిస్తారు. ఏడాదిలో కనీసం 30 రోజులు చేసినా అనుబంధ పనిగా, అంటే ముఖ్యమైన పని కాకుండా పక్కన చేసే పనిగా, లెక్కలోకి వస్తుంది.

ఇలాంటి సర్వేలు చేసినవాళ్లు చెప్పండి: ఆమెతోనే విడిగా మాట్లాడాలంటే ఎలా అడగాలి? పని వివరాలు నెలల వారీగా అడగాలా, పంటల వారీగానా? కోడళ్లు అత్తల ముందు నోరు విప్పడం లేదు, అప్పుడేం చేశారు?