కాట్నిస్ వేసిన ఆ ఓటును ఎలా అర్థం చేసుకోవాలి?

సుజాన్ కాలిన్స్ ‘హంగర్ గేమ్స్’ వరుసలో 2010లో వచ్చిన ‘మాకింగ్‌జే’ చదివినవారు దయచేసి నా సందేహం తీర్చగలరా? యుద్ధం ముగిశాక తిరుగుబాటు నాయకురాలు కాయిన్, ఓడిపోయిన పాలక నగరం కాపిటోల్ పిల్లలతో చివరిసారిగా, పిల్లలు ఒకరినొకరు చంపుకునే ఆ చావు ఆటలు జరిపించాలా అని, గతంలో ఆ ఆటల్లో గెలిచి ఇంకా బతికి ఉన్న ఏడుగురు విజేతలను ఓటు అడుగుతుంది. పీటా, యానీ, బీటీ వద్దంటారు. జొహానా, ఎనోబేరియా కావాలంటారు. చనిపోయిన చెల్లెలు ప్రిమ్ కోసమంటూ కథానాయిక కాట్నిస్ సరేనంటుంది, హేమిచ్ ఆమె పక్షానే నిలుస్తాడు. తర్వాత, ఓడిపోయిన అధ్యక్షుడు స్నోను చంపవలసిన బాణాన్ని ఆమె కాయిన్ మీదకు వదులుతుంది.

ఆ ‘సరే’ కాయిన్‌కు అనుమానం రాకుండా వేసిన ఎత్తుగడా, లేక దుఃఖంలో ఆ క్షణాన ఆమె నిజంగానే ప్రతీకారం కోరుకుందా? ఓటుకు ముందు, ఏమీ మారలేదని ఆమె తనలో తాను అనుకోవడం వల్ల నేను ఎత్తుగడ వైపే మొగ్గుతున్నాను. కానీ అదే నిజమైతే, తన అసలు ఉద్దేశం ఎవరికీ చెప్పకుండా ఒక్కతే తీర్పు అమలు చేసిన కాట్నిస్‌ను, అందరి తరఫున ఒంటరిగా నిర్ణయించే కాయిన్ నుంచి వేరు చేసేది ఏమిటి?

కాట్నిస్ స్నేహితుడు గేల్ విషయంలోనూ నాకు స్పష్టత కావాలి. సాయానికి పరుగెత్తి వచ్చేవారినే చంపేలా రెండుసార్లు పేలే బాంబును బీటీతో కలిసి ఆలోచించిన అతను, ప్రిమ్‌ను చంపింది తమ బాంబేనో కాదో తెలియకపోయినా, ఎంతవరకు బాధ్యుడు? నవలలోని సన్నివేశాల ఆధారంగా వివరిస్తే ఎంతో కృతజ్ఞుడిని.