హీరో పేరు చూసి టికెట్ తెగే రోజులు ఉన్నాయా, పోయాయా?

మార్నింగ్‌షో_రాజా:
హరిహర వీరమల్లు 2025 జూలై 24న వచ్చింది. ఓజీ అదే ఏడాది సెప్టెంబర్ 25న. రెండింటికీ హీరో పవన్ కల్యాణే, మధ్యలో రెండు నెలలు. మొదటిదానికి ప్రీమియర్ల రాత్రి హడావుడి ఉంది, మర్నాటికే హాళ్ళు పలచబడ్డాయి. రెండోదానికి బుకింగ్ తెరవడం ఆలస్యం, సీట్లు లేవు. పేరే జనాన్ని లాగుతోందంటే రెండూ ఒకేలా ఆడాలి కదా? నేననేది ఏంటంటే, స్టార్ పేరు ఇప్పుడు తొలి ఆట వరకే. ఆ తర్వాత ఎవడి టాక్ వాడిది. కాదనేవాళ్ళు రండి. కలెక్షన్ పోస్టర్లు మాత్రం పట్టుకురాకండి, వాటిని డిజైన్ చేసినవాడు కూడా నమ్మడు.

కటౌట్_కింగ్:
తొలి ఆట "వరకే" అంటున్నావు, ఆ తొలి ఆట అంత చులకనా అన్నా? ఓజీ బెనిఫిట్ షోకి ఆంధ్రాలో టికెట్ 1000 రూపాయలకి జీవో ఇచ్చారు. పుష్ప 2 ప్రీమియర్‌కి తెలంగాణలో మామూలు రేటు మీద ఇంకో 800. కథ తెలీదు, రివ్యూ లేదు, అయినా కొన్నారు. ఏం చూసి? 2024లో ఎన్టీఆర్ దేవరకి డివైడ్ టాక్ వచ్చింది, దసరా దాటే దాకా నిలబడింది. 2010లో ఆడని మహేశ్ ఖలేజాని 2025 మే 30న మళ్ళీ వేస్తే, ఆ వారం కొత్త సినిమాలకి లేని సందడి దానికి ఉంది. కథ మారిందా? లేదుగా. పేరే.

నైజాం_నేలటికెట్:
పుష్ప 2 ప్రీమియర్ ముచ్చట తీస్తివి. ఆ రాత్రే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సంధ్య హాల్ల తొక్కిసలాటైతే ఒక తల్లి పానం పోయింది. పేరుకున్న పవర్ రాస్తే గది గూడ రాయాలె తమ్మీ. ఇగ జనం సంగతంటవా, 2023ల బలగం సూడు. హీరో ఎవరో ఎర్కలేని ముసలోళ్ళు ఊరి నడిమిట్ల తెర కట్టుకోని సూసిన్రు, ఏడ్సిన్రు.

కటౌట్_కింగ్:
ఊళ్ళో తెర కట్టి ఊరికే చూపిస్తే అది బాక్సాఫీసా అన్నా?

నైజాం_నేలటికెట్:
హాల్లల్ల ఆడినంకనే తెరలు కట్టిన్రు. ముందుగాల అది సూస్కో.

తెరవెనక_లీజు:
గోదావరి జిల్లాలో ఒక సింగిల్ స్క్రీన్ లీజుకి నడుపుతున్నానండి. మీ వాదన చూస్తూంటే నవ్వొస్తోంది. స్టార్ పేరు అందరికన్నా ముందు లాగేది ప్రేక్షకుణ్ణి కాదు, మమ్మల్ని. సినిమా సగం కూడా అవ్వకముందే ఏరియాల వారీగా ఆడించే హక్కులు అమ్ముడవుతాయి. ఆ హక్కులు కొనే బయ్యర్ హీరో పేరు చూసే డబ్బు కడతాడు, మా దగ్గర అడ్వాన్సులూ పేరు మీదే వసూలు చేస్తాడు. తేడా వచ్చిందనుకోండి, కిందనుంచి పైదాకా అందరూ మునుగుతారు. 2022లో ఆచార్య కొన్నవాళ్ళు నష్టం భర్తీ చెయ్యమని అడిగిన సంగతి పేపర్లలో కూడా వచ్చిందిగా. అందులో చిరంజీవి, రామ్‌చరణ్ ఇద్దరూ ఉన్నారు. ఆ చరణ్ సినిమానే ఐదు వారాల ముందు, ఆర్ఆర్ఆర్, దేశమంతా ఊపేసింది.

ఇంకోటి చెప్తాను, ఇది బయట చాలామందికి తెలీదు. మా వైపు పెద్ద హీరో సినిమాకి తొలి వారం మాకిచ్చేది అద్దె. జనం తగ్గిపోయాక వసూళ్ళలో పర్సంటేజీకి మారుస్తారు. అంటే హాలు నిండినప్పుడు మాకు అద్దె, ఖాళీ అయ్యాక మాకు వాటా. 2025 మేలో మాలా హాళ్ళు నడిపే ఎగ్జిబిటర్లు జూన్ 1 నుంచి హాళ్ళు మూసేస్తామన్నది దీని మీదే. మల్టీప్లెక్సులకి ఇస్తున్నట్టే మొదట్నుంచీ పర్సంటేజీ ఇవ్వండి మహాప్రభో అని. పేరు తెచ్చిన జనం మా గుమ్మంలోంచే లోపలికెళ్తారు, డబ్బు మాత్రం మా గల్లాపెట్టెలో ఆగదు.

జనం సంగతి నాకు క్యాంటీన్ చెప్తుందండి. మొదటి రోజు కుర్రాళ్ళు తెర ముందు ఎగురుతారు, కాగితాలు విసురుతారు, ఏమీ తినరు. సమోసాలు మిగిలిపోతాయి. మూడో రోజు ఇంటర్వెల్లో పిల్లలు పాప్‌కార్న్ కోసం గోల చేస్తున్నారంటే ఆ సినిమాకి మూడు వారాలు ఢోకా లేదు. 2025 సంక్రాంతికి అదే జరిగింది. 10న రామ్‌చరణ్‌ది గేమ్ ఛేంజర్, 14న వెంకటేశ్‌ది సంక్రాంతికి వస్తున్నాం. పండగ అవ్వకుండానే షోలు అటునుంచి ఇటు మారిపోయాయి. మా క్యాంటీన్ కుర్రాడు రెండోసారి పిండి కలిపాడు.

కటౌట్_కింగ్:
సార్, మరి వెంకటేశ్ స్టార్ కాదా? ముప్పై ఏళ్ళుగా ఫ్యామిలీలు ఆయన పేరు చూసే వస్తున్నారు.

తెరవెనక_లీజు:
అంతకుముందు సంక్రాంతికి, 2024 జనవరి 13న, సైంధవ్ వచ్చింది బాబూ. అదే వెంకటేశ్, అదే పండగ. ఆ ఫ్యామిలీలు ఎక్కడికెళ్ళారో నువ్వే చెప్పు.

మార్నింగ్‌షో_రాజా:
ఆ పండక్కి ఎక్కడికెళ్ళారో నేను చెప్తా. హనుమాన్‌కి. జనవరి 12న గుంటూరు కారంతో పాటే వచ్చింది. హైదరాబాద్ సింగిల్ స్క్రీన్లలో దానికి దక్కినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. మాట ఇచ్చిన కొన్ని హాళ్ళు వెయ్యలేదని నిర్మాతల మండలి దాకా వెళ్ళింది గొడవ. మహేశ్ పేరు హాళ్ళు తెచ్చింది. తేజ సజ్జా పేరుకి హాళ్ళు రాలేదు, జనం వచ్చారు. లీజు గారు చెప్పింది అక్షరాలా ఇదే.

ఫ్రిస్కో_ఫస్ట్‌డే:
డాలస్ నుంచి ఒక మాట. ఇక్కడ ప్రీమియర్ టికెట్ ఇప్పటికీ పేరు మీదే తెగుతుంది, అందులో డౌట్ లేదు. కానీ మాకు సాయంత్రం ఆట అయ్యేసరికి మీకు తెల్లారుతుంది. ఇంటర్వెల్లో మేం వాట్సాప్ గ్రూపులో పెట్టే ఒక్క ముక్క మీ మార్నింగ్ షో కన్నా ముందే ఊరంతా తిరిగొస్తుంది. ఒకప్పుడు పేరుకి కనీసం ఒక వీకెండ్ గడువుండేది.

బాల్కనీ_అక్క:
మగవాళ్ళంతా హీరోల లెక్కలు చూస్తున్నారు, ఇంటి లెక్క ఎవరూ చూడట్లేదు. పెద్ద పేరుంటే తొలి పది రోజులు రేటు పెంచుతారు. నలుగురం వెళ్ళి, లోపల ఏదైనా కొనుక్కుని, బండి పార్కింగ్ కట్టి వచ్చేసరికి నెల కిరాణాలో సగం. అందుకే ఆగుతాం. రేటు తగ్గేసరికి టాక్ తెలుస్తుంది, బాగాలేదంటే ఓటీటీలో చూద్దాంలే అనుకుంటాం. అంటే ఏ పేరు మమ్మల్ని లాగాలో ఆ పేరే గేటు దగ్గర ఆపేస్తోంది. 2022 ఆగస్టులో ఖర్చులు, ఓటీటీలు అంటూ నిర్మాతలు షూటింగులు ఆపుకుని కూర్చుంటే, అదే నెల 5న వచ్చిన బింబిసార, సీతారామం రెండూ ఆడాయి. మేం హాలుకి రావడం ఎప్పుడు మానేశాం?

అయితే మా అమ్మాయి విషయంలో కటౌట్ తమ్ముడు కొంచెం సంతోషించొచ్చు. లిటిల్ హార్ట్స్‌కి నన్ను లాక్కెళ్ళింది. ఎవరమ్మా హీరో అంటే "మౌళి తెలీదా నీకు!" అని వింతగా చూసింది. ఫోన్లో రోజూ చూసే కుర్రాడట. దానికి అతనే స్టార్.

కటౌట్_కింగ్:
థ్యాంక్స్ అక్కా. రాజా అన్నా, హనుమాన్‌ని నీ వైపు ఎలా వేసుకుంటావు? హనుమంతుడి కన్నా పెద్ద పేరు ఎవరికుంది? మహావతార్ నరసింహలో అయితే మనిషే లేడు, బొమ్మల సినిమా. అయినా జనం చెప్పులు బయట విడిచి మరీ చూశారు. దేవుడే స్టార్.

మార్నింగ్‌షో_రాజా:
ఆదిపురుష్‌లో రాముడూ ఉన్నాడు, ప్రభాసూ ఉన్నాడు. 2023 జూన్ 16 శుక్రవారం. సోమవారానికి ఇద్దరూ కలిసి ఎందరిని లాగారు?

నైజాం_నేలటికెట్:
😂 గిది గట్టిగ తాకింది.

కటౌట్_కింగ్:
ఆ శుక్రవారం హాళ్ళు నిండాయిగా. నేననేదీ అదే. తొలి రోజు తెచ్చేది పేరు, మిగతాది డైరెక్టర్ చూసుకోవాలి.

మార్నింగ్‌షో_రాజా:
నా మొదటి పోస్టు మళ్ళీ చదువు తమ్ముడూ.

తెరవెనక_లీజు:
మీరు తేల్చుకుంటూ ఉండండి. నాకు ఇందాకే ఫోనొచ్చింది, ఒక పెద్ద సినిమాకి అడ్వాన్స్ కట్టమని. ట్రైలర్ కూడా రాలేదు.

బాల్కనీ_అక్క:
కడతారా?

తెరవెనక_లీజు:
ట్రైలర్ చూసి చెప్తానన్నానమ్మా. సరే, ఎదురు హాలు ఆయన కడతానన్నారు అని పెట్టేశారు. సాయంత్రం వెళ్ళి కట్టి రావాలి.